కంప్యూటర్ ఆటలో చప్పుడు పుట్టేదెలా?

కంప్యూటర్ ఆట ఆడుతున్నవారి పక్కన కూర్చుని, తెర వైపు చూడకుండా కాసేపు వినండి. ఎవరో నడుస్తున్నారు. మొదట ఎండుగడ్డి మీద, తరువాత చెక్కమెట్ల మీద. ఎడమవైపు ఎక్కడో తలుపు కిర్రుమంది. దూరంగా ఉరుము. ఉన్నట్టుండి సంగీతం వేగం పుంజుకుంది. శత్రువు దగ్గరికి వచ్చినట్టున్నాడు! చూడకుండానే ఇంత కథ తెలిసిపోయింది. కాని ఆ పెట్టెలో గడ్డి లేదు, మెట్లు లేవు, తలుపూ లేదు. ఉన్నవి అంకెలు మాత్రమే. అంకెలు అడుగుల చప్పుడుగా ఎలా మారాయి?

సినిమాలోనూ చప్పుళ్లు ఉన్నాయి గదా, ఇందులో వింత ఏముందని మీరడగవచ్చు. తేడా ఉంది. సినిమాలో తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ముందే నిర్ణయమైపోయింది. ఎన్నిసార్లు చూసినా అదే క్షణంలో అదే చప్పుడు. ఆటలో అలా కాదు. తలుపు తీసేది ఆటగాడు. ఇప్పుడే తీస్తాడో, పది నిమిషాల తరువాత తీస్తాడో, అసలు తీయనే తీయడో ఎవరికీ తెలియదు. కాబట్టి సినిమా శబ్దం ముందే వండి, డబ్బాలో సర్దిన భోజనం వంటిది. ఆట శబ్దమో, కూరలు తరిగి, పోపు సామాను పక్కన పెట్టుకుని, అడిగిన క్షణాన వండి వడ్డించే వంటింటి వంటిది. ఆ వంటింట్లోకి ఒకసారి తొంగిచూద్దాం.

మూగ ఆటకు మాటొచ్చింది

1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ ఆటను తయారుచేశాడు. బంతి అటూ ఇటూ ఎగిరేది కాని, దానికి శబ్దం కూర్చలేదు. 1972లో అటారీ కంపెనీ 'పాంగ్' అనే ఆటను తెచ్చింది. దాన్ని రూపొందించిన ఇంజనీరు అలన్ ఆల్కార్న్. ప్రేక్షకులు హోరుమని కేకలు వేస్తున్నట్టు వినిపించాలని కంపెనీ యజమాని కోరిక. అందుకు కావలసిన విడిభాగాలకు సర్క్యూటులో చోటు లేదు. ఆల్కార్న్ ఒక ఉపాయం పన్నాడు. తెర మీద బొమ్మను నిలకడగా ఉంచే సర్క్యూటులో కొన్ని విద్యుత్ కంపనాలు ఎలాగూ ఉంటాయి. వాటిలో చెవికి వినిపించే పౌనఃపున్యం గలవి వెతికి, బంతి తగిలిన క్షణంలో వాటిని స్పీకరుకు కలిపాడు. అంతే, 'టక్' మన్నది బంతి!

1978లో జపానుకు చెందిన టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను విడుదల చేసింది. తొమొహిరో నిషికాడో దీని సృష్టికర్త. ఇందులో నాలుగే నాలుగు మంద్రస్వరాలు ఒకదాని తరువాత ఒకటి మోగుతూ, మళ్లీ మొదటికి వస్తుంటాయి. ఇలా తిరిగి తిరిగి మోగే శబ్దాన్ని 'లూప్' అంటారు. శత్రువుల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవారి నడక వేగమవుతుంది, దానితో పాటు ఆ నాలుగు స్వరాల వేగమూ పెరుగుతుంది. ఆటగాడి చేష్టను బట్టి శబ్దం మారడం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

చిప్పులో వాద్యబృందం

తరువాత శబ్దం కోసమే ప్రత్యేకంగా చిప్పులు వచ్చాయి. 1983లో జపానులో వెలువడిన నింటెండో 'ఫామికామ్' యంత్రంలో 5 శబ్దమార్గాలు ఉండేవి. వీటినే 'ఛానెళ్లు' అంటారు. రెండు ఛానెళ్లు చతురస్రాకారపు తరంగాలను, ఒకటి త్రిభుజాకారపు తరంగాన్ని ఇచ్చేవి. నాలుగోది క్రమం లేని రొద. అయిదోది ముందే రికార్డు చేసిన చిన్న చిన్న చప్పుళ్ల కోసం.

శ్రుతిదండాన్ని మోగిస్తే ఒకే పౌనఃపున్యం గల నున్నని తరంగం వస్తుందని మీరు చదువుకున్నారు. చతురస్ర తరంగం అలా కాదు. దాని పౌనఃపున్యం 200 హెర్ట్జ్ అనుకుంటే, దానితో పాటు 600, 1000, 1400 ఇలా బేసిరెట్ల పౌనఃపున్యాలూ తక్కువ మోతాదులో కలిసి ఉంటాయి. అందుకే దాని నాదగుణం వేరు, కాస్త బొంగురుగా, గట్టిగా వినిపిస్తుంది. పాటకు అది పనికివస్తే, మెత్తని త్రిభుజ తరంగం కింది స్వరాలకు పనికివచ్చింది. క్రమం లేని రొదను తుంచి తుంచి వాడితే డోలు దెబ్బ, పేలుడు, అలల హోరు తయారయ్యేవి.

నాదగుణం ఒక్కటే చాలదు. వీణ తీగను మీటితే శబ్దం ఠక్కున పుట్టి, క్రమంగా సన్నగిల్లుతుంది. సన్నాయిలో ఊపిరి ఊదినంతసేపూ నిలబడి, ఆపగానే ఆగుతుంది. శబ్దం పుట్టడం, కాస్త తగ్గడం, నిలవడం, ఆగిపోవడం అనే ఈ నాలుగు దశలను అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అంటారు. ఈ నాలుగూ కలిసి గీసే ఆకారానికి 'ఎన్వలప్' అని పేరు. 1982లో వచ్చిన కొమడోర్ 64 కంప్యూటరులోని 'సిడ్' చిప్పులో మూడు స్వరాలకూ వేర్వేరుగా ఎన్వలప్‌లు పెట్టుకునే వీలుండేది. బాబ్ యానెస్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు.

పావు సెకనులో ఒక ఆట

నిజమైన చప్పుడునే రికార్డు చేసి వాడుకోకుండా ఇంత అవస్థ ఎందుకు? లెక్క వేస్తే తెలుస్తుంది.

శబ్దాన్ని అంకెలుగా మార్చాలంటే మైక్రోఫోను నుంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని సెకనుకు వేలసార్లు కొలవాలి. ఒక్కొక్క కొలతను 'శాంపిల్' అంటారు. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఒక తరంగాన్ని సరిగా పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలి. అందుకే సి.డి.లో సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటాయి. ఒక్కొక్క శాంపిల్‌కు 16 బిట్లు, అంటే 2 బైట్లు. 16 బిట్లతో 65,536 మెట్ల నిచ్చెన తయారవుతుంది. తరంగం ఎత్తు ఏ మెట్టు దగ్గర ఉందో రాసుకోవడమే కొలత. ఎడమ, కుడి రెండు చెవులకూ కలిపితే:

44,100 × 2 × 2 = 1,76,400 బైట్లు, ఒక్క సెకనుకు!

1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం, అంటే బొమ్మలు, నియమాలు, శబ్దాలు అన్నీ కలిపి, 40 కిలోబైట్లు. అంటే 40,960 బైట్లు. దీన్ని 1,76,400తో భాగించండి. సుమారు 0.23 వస్తుంది. సి.డి.లో పావు సెకను శబ్దానికి పట్టేంత చోటులో ఆట అంతా ఇమిడిపోయిందన్నమాట! అందులోనే కోజి కొండో కూర్చిన సంగీతం కూడా ఉంది. ఎలాగంటే, ఆ చోటులో దాచింది పాటను కాదు, పాట స్వరలిపిని. ఏ స్వరం, ఎంతసేపు, ఏ ఛానెల్‌లో అన్న ఆదేశాలు మాత్రమే. వాటిని చదివి పాడేది చిప్పు. సంగీతం పుస్తకం బరువు వాద్యబృందం బరువంత ఉండదు గదా!

జ్ఞాపకశక్తి గల చిప్పులు చవకై, సి.డి.లు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. నిజమైన చప్పుళ్లు ఆటలలోకి వచ్చాయి. అయితే 'నిజమైన' అనే మాటను కాస్త జాగ్రత్తగా వాడాలి.

కొబ్బరిచిప్పల గుర్రం

గుర్రం పరుగెత్తే చప్పుడు కావాలంటే గుర్రం దగ్గరికి మైకు పట్టుకెళ్లడం ఒక పద్ధతి. రెండు కొబ్బరిచిప్పలను బల్ల మీద బోర్లించి టకటకమని కొట్టడం మరో పద్ధతి. చాలాసార్లు రెండోదే గుర్రంలాగా వినిపిస్తుంది! మంచు మీద నడక కావాలంటే గుడ్డసంచిలో మొక్కజొన్న పిండి నింపి పిసుకుతారు. ఉరుముకు పల్చని రేకును ఊపుతారు. ఇలా చేతనున్న వస్తువులతో, బొమ్మను చూస్తూ చప్పుళ్లు పుట్టించే పనికి 'ఫోలీ' అని పేరు. హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో, సినిమాకు మాటలు వచ్చిన కొత్తలో ఈ పనిలో పేరు పొందిన జాక్ ఫోలీ పేరు మీదుగా వచ్చిన మాట ఇది. ఆట శబ్దకారులూ ఇదే పని చేస్తారు. ఏ చప్పుడు ఎక్కడిదన్నది వినేవాడికి అక్కరలేదు, మనసు నమ్మితే చాలు.

ఒక్క అడుగుకు ఎన్ని చప్పుళ్లు?

అడుగు చప్పుడు ఒకటి రికార్డు చేసి, ఆటగాడు అడుగు వేసినప్పుడల్లా దాన్నే మోగించామనుకుందాం. పది అడుగులు వేసేసరికి చెవికి విసుగు పుడుతుంది. ఎందుకంటే ప్రకృతిలో ఏ రెండు అడుగులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే తరంగం మళ్లీ మళ్లీ వస్తే, అది మనిషి కాదు యంత్రమని మన చెవి ఇట్టే కనిపెడుతుంది.

అందుకని మడమ నేలకు తాకే చప్పుళ్లు 5, వేళ్లు తాకే చప్పుళ్లు 5 విడివిడిగా రికార్డు చేస్తారనుకోండి. ఏ మడమకైనా ఏ వేళ్లనైనా జతచేస్తే 5 × 5 = 25 రకాల అడుగులు! పైగా ప్రతిసారీ పౌనఃపున్యాన్ని, తీవ్రతను కాస్త అటూ ఇటూ మారుస్తారు. ఇప్పుడే మోగినది వెంటనే మళ్లీ రాకూడదని నియమం పెడతారు. గడ్డికి, చెక్కకు, నీటికి వేర్వేరు కట్టలు. పాత్ర కాలు ఏ నేల మీద పడిందో ఆట కార్యక్రమం చూసి, ఆ కట్టలోంచి ఒకటి తీస్తుంది. ఇలా 'ఇప్పుడు మోగించు' అని ఆట పంపే కబురును 'ట్రిగ్గర్' అంటారు. ఏ కబురుకు ఏ శబ్దం, ఏ నియమం అన్నది రాసిపెట్టడానికి 'ఎఫ్‌మాడ్', 'వైజ్' వంటి సాధనాలు ఉన్నాయి. ఆటకూ శబ్దాలకూ నడుమ ఉండి పనిచేస్తాయి కాబట్టి వీటిని 'మిడిల్‌వేర్' అంటారు.

ఎడమా? కుడా? దగ్గరా? దూరమా?

మీకు ఎడమవైపున ఎవరైనా చప్పట్లు కొడితే ఆ శబ్దం ముందు ఎడమ చెవిని చేరుతుంది. కుడి చెవిని చేరాలంటే తలను చుట్టి సుమారు 22 సెంటీమీటర్లు అదనంగా ప్రయాణించాలి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంటే ఆలస్యం దాదాపు 0.00065 సెకను. ఈ స్వల్పమైన తేడాను మన మెదడు పసిగడుతుంది! దానికి తోడు తల అడ్డం రావడంవల్ల కీచుశబ్దాలు అవతలి చెవికి తగ్గి చేరతాయి. ఇయర్‌ఫోనులో ఈ రెండు తేడాలనూ లెక్కగట్టి వేర్వేరుగా వినిపిస్తే, శబ్దం ఫలానా దిక్కున పుట్టినట్టు తోస్తుంది.

దూరం సంగతి మీకు తెలిసిన సూత్రమే. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగోవంతుకు, అంటే సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఈ తగ్గుదలను శబ్దకారులు 'అటెన్యుయేషన్' అంటారు. పక్కవీధిలో పెళ్లిమైకు మోగుతుంటే, కిటికీలు మూసిన గదిలో మీకు పాట మాటలు అందవు. దరువు మాత్రం దబదబమని వినిపిస్తుంది. గోడ కీచుశబ్దాలను ఎక్కువగా ఆపి, మంద్రశబ్దాలను వదులుతుంది కాబట్టి. ఆటలో శత్రువుకూ మీకూ నడుమ గోడ వస్తే, కంప్యూటరు ఆ చప్పుడులోని హెచ్చు పౌనఃపున్యాలను తగ్గిస్తుంది. దీని పేరు 'అక్లూషన్'.

బావిలోకి వంగి కేక వేస్తే గొంతు చుట్టూ కమ్ముకున్నట్టు మోగుతుంది. గోడల మీద పడి తిరిగి వచ్చిన అనేక తరంగాలు కలిసిపోయి కాసేపు నిలిచే ఈ నాదాన్ని ప్రతినాదం అంటాం, ఆట భాషలో 'రివర్బ్'. గుహలో అడుగుపెట్టగానే ఆటలో చప్పుళ్లకు రివర్బ్ పెరుగుతుంది, పొలంలోకి రాగానే పోతుంది. గది ఎంత పెద్దదో కంటికంటె ముందు చెవే చెబుతుంది.

ఇక దూసుకుపోయే కారు. సెకనుకు 30 మీటర్ల వేగంతో మీవైపు వస్తున్న కారు హారన్ 500 హెర్ట్జ్ అయితే, డాప్లర్ సూత్రం ప్రకారం మీకు 500 × 340 ÷ 310, అంటే సుమారు 548 హెర్ట్జ్‌గా వినిపిస్తుంది. దాటిపోయాక 500 × 340 ÷ 370, అంటే సుమారు 459. పందెపు ఆటల్లో కంప్యూటరు ఇదే లెక్క కట్టి, స్వరాన్ని మారుస్తుంది. మీరు పరీక్షలో రాసే సూత్రానికే అక్కడా పని!

ఆలస్యం అమృతం విషం

మీట నొక్కిన వెంటనే చప్పుడు రావాలి. కాని కంప్యూటరు శాంపిళ్లను ఒక్కొక్కటిగా పంపదు, గుప్పెళ్లుగా పంపుతుంది. ఒక్కొక్క గుప్పెడును 'బఫర్' అంటారు. బఫరులో 1024 శాంపిళ్లు, సెకనుకు 48,000 శాంపిళ్లు అయితే, ఒక్కొక్క బఫరుకు 0.021 సెకను పడుతుంది. ఇది ఏడు మీటర్ల దూరం నుంచి శబ్దం రావడానికి పట్టేంత సమయం. బఫరును చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది. కాని కంప్యూటరు అందుకోలేకపోతే శబ్దం తెగి, 'టప్' మంటుంది. ఈ ఆలస్యానికి 'లేటెన్సీ' అని పేరు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఇది పదోవంతు సెకను దాటడమూ కద్దు. తాళం తప్పకుండా వేలు కదపవలసిన ఆటల్లో తీగ ఉన్న ఇయర్‌ఫోను మేలనడానికి కారణం ఇదే.

ఎవరి గొంతు వినాలి?

యుద్ధం జరుగుతోంది. కత్తులు, గాలి, గుర్రాలు, సంగీతం, వాటి నడుమ స్నేహితుడు 'వెనక్కి చూడు!' అన్నాడు. అన్నీ సమానంగా మోగితే ఆ ఒక్క మాట మునిగిపోతుంది. ఒక శబ్దం మరొకదాన్ని కప్పివేయడాన్ని 'మాస్కింగ్' అంటారు. కాబట్టి ప్రతి శబ్దానికీ ప్రాధాన్యం నిర్ణయిస్తారు. మాట రాగానే సంగీతం తానే తగ్గుతుంది. రేడియోలో ప్రకటనకర్త మాట్లాడేటప్పుడు పాట తగ్గినట్టు. ఇది 'డకింగ్'. దూరాన ఉన్న అల్పమైన చప్పుళ్లను కంప్యూటరు మోగించకుండా లెక్కలో మాత్రం ఉంచుకుని, దగ్గరైనప్పుడు బయటికి తెస్తుంది.

సంగీతమూ ఆట వెంట నడవాలి. 1991లో లూకాస్‌ఆర్ట్స్ కంపెనీకి చెందిన మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ 'ఐమ్యూజ్' అనే పద్ధతిని 'మంకీ ఐలాండ్' రెండో ఆటలో వాడారు. పాత్ర ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లినా పాట ఠక్కున తెగదు. తాళం కలిసే చోటు కోసం ఆగి, అక్కడి నుంచి కొత్త పాటలోకి జారుతుంది. మరో పద్ధతిలో తంబుర, డోలు, వయొలిన్ వంటి పొరలు ఒకేసారి నడుస్తుంటాయి. ప్రమాదం పెరిగేకొద్దీ ఒక్కొక్క పొర వినిపించడం మొదలవుతుంది.

చూపు లేనివారికి తెర

ఇదంతా వినోదానికేనా అనుకోకండి. 1997లో జపానుకు చెందిన కెంజి ఎనో బొమ్మలు లేని, శబ్దంతోనే సాగే 'రియల్ సౌండ్' అనే ఆటను చేశాడు. చూపు లేనివారూ, ఉన్నవారూ సమానంగా ఆడాలని అతని ఉద్దేశం. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగంలో ప్రతి ముఖ్యమైన పనికీ ఒక ప్రత్యేక శబ్దసంకేతం ఏర్పాటు చేశారు. ఇక్కడ ఎక్కాలి, ఇక్కడ వంగాలి, వస్తువు ఈ దిక్కున ఉందని చెవి ద్వారా తెలుస్తుంది. చూపు లేని ఆటగాళ్లు ఆ ఆటను మొదలు నుంచి చివరి వరకు పూర్తిచేశారు. వినికిడి లేనివారి కోసం శబ్దం వచ్చిన దిక్కును తెర మీద గుర్తుతో చూపే ఆటలూ ఉన్నాయి. ఒక ఇంద్రియం చేయలేని పనిని మరో ఇంద్రియానికి అప్పగించడం ఎంత గొప్ప ఇంజనీరింగు!

చెవికి ఖర్చు ఉంది

ఆట ఎంత బాగున్నా దాన్ని వినే చెవి ఒక్కసారే వస్తుంది. లోపలి చెవిలో కర్ణావర్తంలోని రోమకణాలు ధ్వనిని నాడీసంకేతంగా మారుస్తాయి. మనిషిలో అవి దెబ్బతింటే తిరిగి మొలవవు. పిల్లలకు 75 డెసిబెల్‌ల శబ్దం వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్‌లకూ ధ్వనిశక్తి రెట్టింపవుతుంది కాబట్టి, అనుమతించే కాలం సగమవుతుంది. 78 వద్ద 20 గంటలు, 81 వద్ద 10, 84 వద్ద 5, 87 వద్ద రెండున్నర, 90 వద్ద గంటా పావు మాత్రమే. అదీ వారం మొత్తానికి! కాబట్టి ఇయర్‌ఫోను పెట్టుకున్నప్పుడు పక్కవారి మామూలు మాట వినపడాలి. చెవిలో గుయ్యిమని మోత మొదలైతే, అది ఆట శబ్దం కాదు, హెచ్చరిక. ఆపి, చెవులకు విశ్రాంతి ఇవ్వండి.

మీరే చేసి చూడండి

మీటరు పొడవున్న రబ్బరు గొట్టం తీసుకోండి. సరిగ్గా మధ్యన ఒక గీత, దానికి ఇటూ అటూ సెంటీమీటరుకు ఒకటి చొప్పున గీతలు పెట్టండి. మీ మిత్రుణ్ణి కళ్లు మూసుకుని, గొట్టం రెండు కొనలనూ చెవుల దగ్గర పట్టుకోమనండి. కొనలు చెవుల లోపలికి దూర్చకూడదు, ఆనించి ఉంచితే చాలు. గొట్టం మధ్యభాగం వీపు వెనుక వేలాడాలి. ఇప్పుడు పెన్సిలుతో ఏదో ఒక గీత మీద మెల్లగా తట్టండి. చప్పుడు ఎడమనా, కుడినా, నడుమనా అని అడగండి. మధ్యగీతకు ఎన్ని సెంటీమీటర్ల దూరంలో తట్టినప్పుడు దిక్కు సరిగా చెబుతున్నాడో రాసుకోండి.

ఒక సెంటీమీటరు ఎడమకు తట్టితే ఎడమవైపు దారి 49, కుడివైపు దారి 51 సెంటీమీటర్లు. తేడా 2 సెంటీమీటర్లు. దాన్ని 34,000తో భాగిస్తే సుమారు 0.00006 సెకను. మీ మిత్రుడు దాన్ని కనిపెట్టాడా? రెండు సెంటీమీటర్ల దగ్గరా? మూడింటి దగ్గరా? ఇరవైసార్లు తట్టి, ఎన్నిసార్లు సరిగా చెప్పాడో పట్టిక వేయండి. తరగతిలో పదిమంది పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఆట తయారుచేసేవారు ఎంత చిన్న తేడా దాకా లెక్క కట్టాలో మీకే తెలుస్తుంది.